కాశన్న దబ్బనం

కడప జట్టులో ఆడే మనిషి కాశన్న ఇంట్లో కోడికూర తిని పోయాడట. ఈ మాట మొదట పక్కింటి సిద్దమ్మ నోట పుట్టింది. పొద్దున కొళాయి దగ్గర బిందెలు పెట్టుకొని నిలబడ్డవాళ్లకు ఆమె చెప్పిందట. వచ్చినవాడి పిక్కలు రోకళ్లలా ఉన్నాయట. అరుగు మీద కూర్చుని మామా అల్లుళ్లు శానాసేపు గుసగుసలాడుకున్నారట. వాడు కాశన్న చేతిలో ఏదో మూట పెట్టాడట. మూటలో ఏముందో తాను చూడలేదట, చూడని దాన్ని చెప్పే అలవాటు తనకు లేదట. బిందెలు ఇళ్లకు చేరేలోపల ఆ మూట బరువెక్కింది. మిల్లు సైరను కూసేసరికి హమాలీల నోళ్లలో పడి, వేరుశనగ గోతాల మూతులు కుట్టే కాశన్న చెవి దాకా వచ్చింది.

కాశన్న తల ఎత్తలేదు. ఎడమచేత్తో గోతం చెవిని మెలిపెట్టి, కుడిచేతి దబ్బనంతో పురికొసను రెండు చుట్లు బిగించాడు. అక్కడి నుంచి మూతి పొడుగునా పదకొండు కుట్లు. చివర కుడివైపు చెవి మెలిపెట్టి చుట్టాక దబ్బనాన్ని ఏటవాలుగా లోపలికి ఒక పోటు పొడిచి లాగాడు. ఆ పోటు మిగతా కుట్టేవాళ్లు పొడవరు. హమాలీ కొక్కెం వేసి ఈడ్చినా కాశన్న కుట్టిన గోతం చెవి ఊడదు, శనగ్గింజ కారదు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. బొటనవేలి పక్కన చర్మం గవ్వలాగా గట్టిపడిపోయింది. ఎడమకంటిలో సన్నటి పొర దిగింది. అయినా కుట్టేటప్పుడు అతడు చూసేది ఎప్పుడు గనుక. చూసే పని చేతిదే.

బంతి కూడా అందుకే అతడి చేతికి వచ్చింది.

కర్నూలు రాజధాని అయిన ఏడాది మద్రాసు నుంచి వచ్చి గుడారాల్లో కాగితాలు రాసుకునే గుమాస్తాలు సాయంత్రం పూట ఫుట్‌బాల్ ఆడటం చూసి మిల్లు సావుకారుకు ముచ్చట పుట్టింది. మరుసటి ఏడాదికల్లా మిల్లు పేర ఒక క్లబ్బు లేచింది. ఆట వచ్చిన పదకొండుమందిని ఏరి తెచ్చి మిల్లులో పనులిచ్చారు. పొద్దున తూకాల దగ్గరా కొట్లలోనూ కూలి, సాయంత్రం ఆటకు వేరే కూలి. ఐదు జట్ల లీగులో చేరారు. అందరికన్నా అడుగున నిలిచిన జట్టు లీగు నుంచి బయటికి పోవాలి. మొదటి ఏడే బయటికి పోతే క్లబ్బు మూసేస్తానన్నాడు సావుకారు. మూస్తే ఆ పదకొండుమందికీ మిల్లులోనూ పని ఉండదు. ఈ సాయంత్రం కడపతో ఆఖరి ఆట, సొంత మైదానంలో. ఓడకుండా ఉంటే చాలు, క్లబ్బు బతుకుతుంది.

సొంత మైదానంలో ఇంతకుముందు జరిగిన మూడు ఆటలూ ఓడిపోయారు. మూడుసార్లూ ఒకటే తీరు. సగం ఆట దాకా బంతి రాయిలా ఉంటుంది, తర్వాత మెత్తబడుతుంది. మిల్లు జట్టుది దూరంగా తన్ని పరుగెత్తే ఆట. మెత్తటి బంతి తంతే గుమ్మడికాయలా పడి ఉంటుంది. సొంత మైదానంలో ఆడే బంతి మిల్లుదే; దాని లోపలి బ్లాడరును ఊది, తోలు నోరు బిగించి కుట్టేది కాశన్న. తోలు తాడు దూర్చుకోవడానికి బంతితో పాటు వచ్చిన మొండి ఇనపపుల్ల మొదటి నెలలోనే పోయింది. అప్పటి నుంచి అతడి దబ్బనమే.

పనివాళ్ల మేస్త్రీ పుల్లయ్యే క్లబ్బు వ్యవహారాలూ చూస్తాడు. గోతాల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి కాశన్న పక్కన నిలబడ్డాడు.

“ఏమప్పా కాశన్నా, మీ అల్లుడు కడప జట్టంట గదా.”

“మా అక్క కొడుకు ఓబులేసు. ఆడేదానికి వచ్చినాడు, తినేదానికి మా యింటికి వచ్చినాడు.”

“మూట?”

“కొర్రబియ్యం. అక్క పంపిచ్చింది.”

పుల్లయ్య నవ్వాడు. ఈ పొద్దు బంతి తన కళ్ల ముందరే కుట్టాలని మాత్రం చెప్పి పోయాడు.

కాశన్నకూ అనుమానాలు లేకపోలేదు. సైకిలు షాపు బసవన్న మీద ఉండేది. బ్లాడరుకు మూడుసార్లు పట్టీ వేసింది బసవన్నే, మూడుసార్లూ ముల్లు దిగిందన్నది బసవన్నే. పట్టీలు వేసి బతికేవాడికి ముళ్లు చేదు కావు. కొట్టు తాళం ఉండే వాచ్‌మన్ మీద ఉండేది. రెండో ఆట తర్వాత బంతిని సంచిలో వేసి, మూతికి తనకు తప్ప ఎవరికీ తెలియని ముడి వేసి పెట్టాడు. మూడో ఆట పొద్దున చూస్తే ముడి వేసింది వేసినట్టే ఉంది. ఆ సాయంత్రం గాలి పోయింది. అప్పటి నుంచి ఎవరిని అనుమానించాలో కూడా అతడికి తోచలేదు.

మధ్యాహ్నం భార్య మద్దమ్మ సంగటి తెచ్చింది. మూట తానే విప్పి, కొర్రలు తానే చేటలో పోసుకున్న మనిషి. ముద్ద విరిచి పెడుతూ నేల చూపులు చూసింది.

“వాడు నిన్నేమన్నా అడిగినాడా?”

“ఏమడుగుతాడు?”

“అరుగు మీద శానాసేపు కూచునింటిరే.”

వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడని కాశన్న అనలేదు. ముద్దలో సగం తిని, మిగతా సగాన్ని గిన్నెలోకే తోసి చెయ్యి కడుక్కున్నాడు. సిద్దమ్మ మాట తోలు మీదనే నిలిచింది. ఇది లోపలికి దిగింది.

సామాను కొట్టు నీడలో కూర్చుని తోలు నోరు విప్పి బ్లాడరు బయటికి తీశాడు. ఎన్నడూ దాన్ని అంత పట్టిపట్టి చూడలేదు; పోయినప్పుడల్లా తీసుకపోయి బసవన్న ముందర పడేసేవాడు. సైకిలు పంపుతో గాలి కొట్టి, తొట్టి నీళ్లలో ముంచి, మంచి కన్ను దగ్గరగా పెట్టాడు. మూడు పట్టీలు. మూడూ ఒకే చోట, బ్లాడరు మెడకు కుడిపక్కన, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ముల్లయితే బంతి ఎటు దొర్లితే అటు దిగాలి. మూడుసార్లూ మెడ దగ్గరకే ఎందుకు వస్తుంది?

ఉత్తి బంతి నోరు మూసి, దబ్బనం పట్టుకుని కుట్టు వేస్తున్నట్టుగా చెయ్యి ఆడించి చూశాడు. ఎడమ నుంచి మొదలై చివరి కుట్టు కుడివైపు పడింది. అక్కడ ఆగవలసిన చెయ్యి ఆగలేదు. దానంతట అదే ఏటవాలుగా లోపలికి ఒక పోటు పొడిచింది.

పోటు పడింది, లోపల బ్లాడరు మెడకు కుడిపక్కన వచ్చే చోటే. మెడ మడతలో పడిన సన్నటి చిల్లి ఊది కట్టగానే బయటపడదు. సగం ఆట తన్నులు తిన్నాక నోరు తెరుస్తుంది.

ఎవరికీ తెలియదు. పోటు మానేస్తే సరిపోయేది, నింద ముళ్ల మీదనే ఉండేది. కాశన్న లేచి పుల్లయ్య దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పుల్లయ్య ఆ పట్టీలనూ అతడి మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

“ఇరవై రెండేండ్లు కుట్టినోనికి చెయ్యి తప్పిందంటే యెవురు నమ్ముతారప్పా?”

“చెయ్యి తప్పలేదు మేస్త్రీ. తప్పకుండా అదే చోట పడింది.”

పుల్లయ్య బ్లాడరును అతడి చేతిలోకి తిరిగి తోశాడు. చెప్పినందువల్ల నమ్మకం పెరగలేదని కాశన్నకు ఆ తోపులోనే తెలిసింది. మేస్త్రీ బంతి దగ్గరికి వచ్చేలోపల కాశన్న కొట్టు ముందరి బండరాయి మీద నీళ్లు చల్లి దబ్బనం మొనను మొద్దుబారేలా అరగదీశాడు. వేలితో తాకితే చిక్కుడుగింజ మొనలా తగిలేదాకా తీశాడు. మేస్త్రీ కళ్ల ముందరే తోలు తాడు ఒక్కొక్క రంధ్రంలో దూర్చి, చివరి దాంట్లో బిగించి, రెండు చేతులూ బంతి మీది నుంచి ఎత్తేశాడు. కుడిచెయ్యి ఒక్కసారి గాల్లో కదిలి ఆగింది.

ఆట మొదలయ్యేసరికి మైదానం చుట్టూ జనం. కడప ముందు గోలు కొట్టింది, కొట్టింది ఓబులేసే. సగం ఆట అయింది. కాశన్న గీత పక్కన గొంతుక్కూర్చుని మనుషులను చూడటం మానేసి బంతి చప్పుడు వింటున్నాడు. అది ఇంకా డప్పులాగానే మోగుతోంది. ఆట అయిపోయే ముందర మిల్లు గోలుకీపరు తన్నిన బంతి మైదానం సగానికి పైగా ఎగిరిపోయి పడింది, దాన్ని తరుముకుంటూ పోయిన తూకం గుమాస్తా గోలు లోపలికి తోశాడు. చెరొకటి. క్లబ్బు బతికింది. టోపీలూ తువ్వాళ్లూ గాల్లోకి లేచాయి.

ఆ గోలలోనే పుల్లయ్య బంతిని చేతుల్లోకి తీసుకుని బొటనవేలితో నొక్కాడు. పక్కవాడికిచ్చాడు, వాడూ నొక్కాడు. చేతులు మారుతూ పోయింది బంతి. ఎంత నొక్కినా లొంగలేదు. నొక్కినవాడల్లా తల తిప్పి కాశన్న వైపు చూశాడు. ఈ పొద్దు నిలిచిన గాలి ఆ మూడు పొద్దులూ ఎందుకు నిలవలేదు? నిలపడం చేతనైనవాడికి తియ్యడమూ చేతనవుతుంది. సావుకారు పదకొండుమంది మెడల్లో దండలు వేశాడు. పుల్లయ్య బంతి సంచిని వాచ్‌మన్ చేతికిచ్చాడు.

ఓబులేసు వచ్చి చెమట తుడుచుకుంటూ పక్కన కూర్చున్నాడు.

“మామా, ప్రొద్దుటూరులో మిల్లులు శానా ఉండాయి. ఈడ ఏముండాది?”

కాశన్న లేచి పంచె దులుపుకున్నాడు. ఇంటికి పోయి దబ్బనం మద్దమ్మ చేతిలో పెట్టి రెండు మాటలు చెప్పాడు. తువ్వాలులో రెండు పంచెలు చుట్టుకున్నాడు. పొద్దు వాలుతుండగా కడప జట్టు లారీ మిల్లు ముందర నుంచే పోయింది. వెనకాల ఆటగాళ్ల మధ్య ముడుచుకుని కూర్చున్న కాశన్నను సిద్దమ్మ చూసింది, హమాలీలు చూశారు, గేటు దగ్గర పుల్లయ్యా చూశాడు. ఇంక ఎవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు.

మర్నాడు పొద్దున మద్దమ్మ మిల్లుకు వచ్చింది. దబ్బనాలు మిల్లువి, ఒక్కొక్కదాని మీద నంబరు కొట్టి ఉంటుంది, పని మానినవాడు తిరిగి ఇచ్చేయాలి. ఆమె దాన్ని పుల్లయ్య బల్ల మీద పెట్టింది. మూతులు కుట్టని గోతాలు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. హమాలీలు ఊరికే నిలబడి ఉన్నారు.

పుల్లయ్య దబ్బనాన్ని వెలుతురులో పట్టి చూశాడు.

“మొన యాడుండాదమ్మా? మిల్లు సామాను యిట్ల చేసి పోయినాడే. కడపోళ్లతో కల్సి పోయేటోనికి యీ నాటకమెందుకో.”

“నేను గూడా అడిగినా మేస్త్రీ, అడగగూడని మాట,” అంది మద్దమ్మ. “ఇరవై రెండేండ్లు కుట్టినాడు. ఏ గోతంలోనన్నా ఒక్క గింజ కారిందా? చెప్పు.”

పుల్లయ్య హమాలీల వైపు చూశాడు. హమాలీలు గోతాల వైపు చూశారు. దబ్బనం బల్ల మీద ఉంది. కన్నంలో తోలు తాడు ముక్క ఇంకా అలాగే ఉంది.