చప్పుడు కాకుండా

"ఆదివారం భోజనానికి కౌశిక్ వాళ్ళొస్తున్నారు. ఆ అమ్మాయికి నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపు. నీకిది వెన్నతో పెట్టిన విద్యేగా" అన్నాడు జనార్దనరావు శుక్రవారం నాడే. అన్నాడంటే అడిగాడని కాదు. సైన్స్ పార్క్ ఆఫీసులో తన కింద పనిచేసే కౌశిక్‌కి మాట కూడా ఇచ్చేసి వచ్చాడు. మాట ఇవ్వడం ఆయన వంతు, గారెలు వండుతూ కాపురాలు నిలబెట్టడం సూర్యకుమారి వంతు. ఐటీ ఉద్యోగాల ఊపులో సింగపూర్‌లో దిగిన తెలుగు జంటల్లో ఆవిడ వంటింట్లో కళ్ళు తుడుచుకోని భార్య అరుదు.

ఆవిడ ఉద్యోగమూ అదే. సెంబవాంగ్‌లో కుటుంబాలకు కౌన్సెలింగ్ చేసే సెంటర్‌లో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. మలయ్ తల్లులొస్తారు, కలిసి బతుకుతున్న ఇద్దరాడవాళ్ళొస్తారు, మొగుడు పోయిన చైనీస్ ముసలావిడొస్తుంది. ఎవరొచ్చినా ముందు ఎక్కడ కూర్చుంటారని అడుగుతుంది, తలుపు వెయ్యమంటారా తెరిచి ఉంచమంటారా అని అడుగుతుంది. ఫారంలో 'భర్త పేరు' కొట్టేయించి 'ఇంట్లో మీతో ఎవరుంటారు' అని రాయించింది కూడా ఆవిడే. దెబ్బతిన్న మనిషిని ఇన్నాళ్ళూ ఎందుకు భరించావని మాత్రం ఎప్పుడూ అడగదు. ఇల్లు చేరేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది. "కూర్చుని వినడానికి అలుపేమిటోయ్" అంటాడు జనార్దనరావు, కాఫీ గ్లాసుకి చెయ్యి చాస్తూ. ఎన్నేళ్ళుగా విన్నా ఆ మాటకి ఒళ్ళు మండుతూనే ఉంటుంది. కాఫీ మాత్రం ఇస్తుంది.

ఆదివారం మగాళ్ళిద్దరూ హాల్లో టీవీ ముందు స్థిరపడ్డారు. కౌశిక్ భార్య రుచిత వంటింట్లోకి వచ్చింది. వచ్చిందనడం కన్నా పంపారనడం సబబు. వారం నుంచీ ఆ పిల్ల క్లెమెంటిలో స్నేహితురాలి గదిలో ఉంటోంది. ఇంటికి రానంటోంది, ఎందుకో చెప్పదు. సార్ పిలిచారని కౌశిక్ బతిమాలి తీసుకొచ్చాడు.

"నువ్వేం చెప్పక్కర్లేదమ్మా. ఇక్కడ కూర్చుంటావా, బయట కారిడార్‌లో గాలికి కూర్చుంటావా?"

"ఏదైనా పనివ్వండాంటీ. ఐయామ్ ఓకే."

సింకులో గిన్నెలున్నాయి, కడగసాగింది. సూర్యకుమారి గారెలు తిప్పుతూ అటు చూసింది. రుచిత స్టీలు గిన్నెను గట్టు మీద పెట్టే ముందు కింద చిటికెనవేలు ఆనిస్తోంది, గిన్నె కుదురుకున్నాక మెల్లగా వేలు లాగేస్తోంది. మూతలకూ అంతే. గిన్నెలన్నీ అయ్యాయి, ఒక్క చప్పుడు లేదు.

ఆ పనితనం సూర్యకుమారికి కొత్త కాదు. పదేళ్ళ కిందట, కూరలో ఉప్పెక్కువైందని జనార్దనరావు కంచాన్ని గోడకేసి కొట్టాడు. మెతుకులు ఆవిడ జుట్టులో పడ్డాయి. "ఆఫీసు టెన్షన్, సారీ" అన్నాడు మర్నాడు. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు టెన్షన్ వచ్చింది. ఆయన ఇంట్లో ఉంటే చప్పుడు కాకుండా గిన్నె దించడం అప్పుడు పట్టుబడింది. ఇతరుల ఇళ్ళలో దాన్నేమంటారో ఆవిడకి తెలుసు, వాళ్ళ ఫైళ్ళలో రోజూ రాస్తుంది. తన ఇంటికి వచ్చేసరికి మాత్రం, ఆయనకి కాస్త కోపం ఎక్కువ, అంతే అనుకుంది. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంది. ఇప్పుడు రుచిత వేలు చూస్తుంటే సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఇక ఓపిక లేదనిపించింది.

"నేనూ అలాగే పెడతానమ్మా" అంది.

రుచిత చెయ్యి ఆగిపోయింది. "అంకులా?"

"అంకులే."

స్టవ్ ఆపేసి అంతా చెప్పింది. కంచం సంగతి, జుట్టులో మెతుకుల సంగతి, మర్నాడు మామూలుగా సెంటర్‌కి వెళ్ళి ఇంకొకామె ఏడుపు విన్న సంగతి. రుచిత మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అయ్యాక తడి చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నేను క్లెమెంటి వెళ్ళిపోతానాంటీ. ఆ ఇంటికి వెళ్ళలేను."

"సరేనమ్మా. ట్రైను దాకా నేనూ వస్తాను. మా సెంటర్‌లో రాధ అనే అమ్మాయుంది, నెంబరిస్తాను. మాట్లాడాలనిపిస్తేనే చెయ్యి."

ఇద్దరూ హాల్లోకి వచ్చారు. సూర్యకుమారి చెప్పులు వేసుకుంటుంటే కౌశిక్ లేచి నిలబడ్డాడు. జనార్దనరావు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"అయిందా? ఏం చెప్పిందోయ్ అమ్మాయి?"

"అమ్మాయి ఏమీ చెప్పలేదండీ" అంది సూర్యకుమారి. "నేనే చెప్పాను, మీ గురించి."