రెండు ఒడ్డుల సున్నా

శుక్రవారం పొద్దున పదింటికి ఫోను మోగకపోతే ఫైనేసీకి ఆ వారం వారమే కాదు.

న్యాకవే రేవులో ఆరోగ్య కార్యకర్తగా ఆమెకది తొమ్మిదో ఏడు. రేకుల గది, రెండు మంచాలు, ఓ బల్ల, దాని మీద రిజిస్టరు. ఎదురుగా షిరే నది. ఇటు మలావీ, అటు మొజాంబిక్. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో పై ఆఫీసుల్లో మ్యాపులు చూసేవాళ్ళకి తెలుసేమో గాని రేవులో ఎవరికీ తెలియదు. ఇల్లు ఇటుంటే చేను అటు, పుట్టిల్లు అటుంటే సంత ఇటు. మనుషులు దాటుతారు, వాళ్ళతో జబ్బులూ దాటుతాయి. అందుకే వరదల ఏడు గడిచాక రెండు దేశాల ఆరోగ్య శాఖలూ కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నాయి. ప్రతి శుక్రవారం ఈ ఒడ్డు కార్యకర్త, ఆ ఒడ్డు కార్యకర్త ఫోనులో మాట్లాడుకుని ఆ వారం ఎన్ని కలరా కేసులో చెప్పుకోవాలి. ఏమీ లేకపోయినా సున్నా అని నోరు తెరిచి చెప్పాలి.

ఆ ఒడ్డు కార్యకర్త పేరు ఇనాసియో.

"చెప్పండి మలావీ మహారాణీ, మీ రాజ్యంలో ఎన్ని?"

"సున్నా. తమరి రాజ్యంలో?"

"సున్నా. పొద్దున్నే ఏం తిన్నావు?"

"నిన్నటి మొక్కజొన్న న్సీమా ముద్ద."

"చద్దిదా? మీ దేశంలో కట్టెలకి కరువొచ్చిందా?"

"ఒక్కదానికి పొయ్యి ఎవరు వెలిగిస్తారు గాని, నువ్వు చెప్పు. మీ ఆవిడ ఏం వండింది?"

లెక్కకి అర నిమిషం, మాటకి అర గంట. ఆరేళ్ళుగా ఇదే వరస. ఇనాసియోని ఆమె కళ్ళతో చూసింది నాలుగుసార్లే, అదీ మీటింగుల్లో. ఆమెని కట్టుకున్నవాడు జోహానెస్‌బర్గ్ గనులకి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టి పన్నెండేళ్ళు. పోతే పోయాడు, పీడా వదిలింది అని పైకి అనేది. లోపల ఎలా ఉందని అడిగే దిక్కెవరు? రేవులో జనం ఆమెని చూస్తే నీళ్ళ కుండ మీద మూత పెట్టేవాళ్ళు. బావుల్లో బ్లీచింగ్ పోసే మనిషి, ఇంకేం పోస్తుందోనని వాళ్ళ భయం. డోరికా ఒక్కతే ఆమెని అక్కా అని పిలిచేది. డోరికా, ఆమె మొగుడు లెఫానీ రేవుకి దగ్గర్లోనే ఉండేవాళ్ళు. లెఫానీ జొన్నచేను అవతలి ఒడ్డున.

ఫిబ్రవరి ఆరున లెఫానీ చేను దగ్గర పాకలో వాంతులు, విరేచనాలతో పడిపోయాడు. పడవవాడు ఇంటికి తీసుకొస్తుంటే నది మధ్యలో ప్రాణం పోయింది. ఫైనేసీ ఒడ్డుకి పరుగెత్తుకెళ్ళి చూసింది. కళ్ళు లోపలికి పోయాయి. వేళ్ళు నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి. పంచె నిండా బియ్యం కడుగునీళ్ళ లాంటి తడి. ఇంక డాక్టరెందుకు చెప్పడానికి? వెంటనే ఇనాసియోకి ఫోను చేసింది.

"మీ ఒడ్డున జబ్బు పడ్డాడు. నువ్వే రాసుకో."

"ఇల్లు మీ ఒడ్డున ఉందిగా. నువ్వే రాయి."

"పడింది మీ పాకలో అయ్యా."

"దిగింది మీ రేవులో కదమ్మా. పోనీ నదిని రాసుకోమందామా?"

చెప్పడానికి సిగ్గేస్తుంది గాని, ఇద్దరూ కాస్త నవ్వారు కూడా. మొదటి కేసు రాయడమంటే మాటలా? పైనుంచి బండ్లు దిగుతాయి, రేవు మూస్తారు, బ్లీచింగ్ ఎందుకు అయిపోయింది, ముందే ఎందుకు అడగలేదు అని నిలదీస్తారు. ఫైనేసీ దగ్గర బ్లీచింగ్ అయిపోయి నెల దాటింది, అడగడానికి బద్ధకించింది. ఇనాసియో రాసుకుంటాడులే అనుకుంది. ఆమె రాస్తుందిలే అని అతనూ అనుకున్నాడు.

శుక్రవారం ఫోను మోగింది.

"మీ రాజ్యంలో?"

"సున్నా" అంది ఫైనేసీ.

"మాకూ సున్నానే" అన్నాడు ఇనాసియో. ఆ క్షణాన ఇద్దరికీ తెలిసిపోయింది, లెఫానీ ఎవరి పుస్తకంలోనూ లేడని. అప్పుడైనా ఒక్కరు నోరు విప్పవచ్చు. విప్పలేదు. ఆమె ఏం తిన్నదో అతను అడిగాడు, ఆమె చెప్పింది.

తర్వాత మూడు వారాల్లో రెండు ఒడ్డులూ కలిపి పదకొండు మంది పోయారు. బడిలో మంచాలేశారు. ఇటు బ్లంటైర్ నుంచీ అటు బైరా నుంచీ నర్సులొచ్చారు. సెలైన్ సీసాలు పడవల్లో ఇటూ అటూ తిరిగాయి. అయినా ఆగలేదు, ఏ నీళ్ళ నుంచి మొదలైందో తెలియాలి కదా.

ఇక డోరికా సంగతి. ఆరోజు తెల్లవారుజామున లెఫానీ ఇంట్లో అంబలి తాగి చేనుకి పోయాడు. రిజిస్టర్లలో అతని పేరూ లేదు, అతనికి కలరా అనీ లేదు. అతని అన్నదమ్ములకి అదే చాలు. అంబలిలో ఏదో కలిపి చంపిందన్నారు, గుడ్డలు బయట పడేశారు. ఆమె రేవు పక్కన చేపలెండబెట్టే పాకలో ఒక్కతే ఉంటోంది. అంత్యక్రియలకి కూడా రానివ్వలేదు.

మొదటి కేసు ఏదో తేల్చడానికి రెండు దేశాలూ పెట్టిన మీటింగుకి ముందురోజు ఆమె ఫైనేసీ గుమ్మంలోకొచ్చింది.

"అక్కా, నీ పుస్తకంలో మా ఆయన గురించి ఒక్క ముక్కయినా ఉందా? ఏ జబ్బో రాసుంటే వాళ్ళకి చూపిస్తా."

"చూస్తానమ్మా" అంది ఫైనేసీ. పుస్తకం చేతికందేంత దూరంలోనే ఉంది.

"నీళ్ళకి పోతే బిందెలు పక్కకి తీసేసుకుంటున్నారక్కా. నాతో ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు."

"చూస్తానన్నానుగా. రేపు రా."

ఆమె వెళ్ళిన కాసేపటికి ఫోను మోగింది. శుక్రవారం కాదు. ఇనాసియో.

"రేపు మొదటి రోగి ఎవరని అడుగుతారు. నువ్వేం చెప్పకు, ఫైనేసీ."

"డోరికా వచ్చింది ఇప్పుడే."

"నాకు చదువుకునే పిల్లలు ఇద్దరున్నారు. నన్ను ఉత్తరాన ఎక్కడో పారేస్తారు." కాస్త ఆగాడు. "నేను లేకపోతే శుక్రవారాలు ఎవరితో గొడవపడతావు?"

నవ్వుతూ అన్నాడు గాని ఆమెకి నవ్వు రాలేదు. అదే కదా ఆమె భయం. కట్టుకున్నవాడు పోయినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

మర్నాడు, మార్చి ఒకటిన, రేవు మీది బడి వరండాలో మీటింగు పెట్టారు. రెండు దేశాల వాళ్ళూ ఎదురెదురు బెంచీల మీద కూర్చున్నారు. రెండు దేశాల తరఫునా పెద్దగా వచ్చిన డాక్టరమ్మ చాలా ఓపికగా మాట్లాడింది.

"ఎవరినీ శిక్షించడానికి అడగటం లేదు. మొదటి మనిషి ఎక్కడ నీళ్ళు తాగాడో తెలిస్తే ఆ నీళ్ళు ఆపుతాం. ఇవాళ కూడా ఎవరో తాగుతూనే ఉంటారు కదా."

ఇనాసియో చెప్పుల వంక చూసుకుంటున్నాడు. పోయినసారి కంటే జుట్టు నెరిసింది. ఆరేళ్ళుగా చెవిలో ఉన్న మనిషి, ఎదురుగా పది అడుగుల దూరంలో, తల ఎత్తడు. ఫైనేసీ నోరు మూసుకుంటే అతను ఆమెకి మిగులుతాడు. ఇవాళ నీళ్ళు తాగేవాళ్ళు మిగలరు. డోరికా చేపల పాకలోనే ముసలిదవుతుంది.

లేచి నిలబడింది. "మొదటి మనిషి లెఫానీ. ఫిబ్రవరి ఆరున పడవలో పోయాడు. నేను చూశాను. కలరాయే. నేను రాయలేదు."

"అవతలి ఒడ్డుకి చెప్పారా?"

ఫైనేసీ జవాబివ్వనక్కర్లేకుండానే ఇనాసియో లేచాడు.

"చెప్పింది" అన్నాడు. "నేనూ సున్నా అన్నాను. లెఫానీ చేను పక్క చెలమలో నీళ్ళు తాగేవాడు. నేను చూపిస్తాను, పదండి."

ఆ చెలమ ఆ సాయంత్రమే పూడ్చేశారు. పది రోజుల్లో మంచాలు ఖాళీ అయ్యాయి. ఇకమీదట రోగి కాలు ఏ ఒడ్డున ముందు ఆనితే ఆ ఒడ్డు రాయాలి, అప్పటికప్పుడు అవతలికి చెప్పాలి అని రెండు దేశాలూ కాగితం మీద సంతకాలు పెట్టాయి. మంచి పనే, కాదనను. ఫైనేసీకి ఒక చీవాట్ల ఉత్తరం వచ్చింది. ఆమెని తీసేయలేదు, ఆ రేవుకి ఇంకెవరొస్తారు గనక? ఇనాసియోని మాత్రం దేశం ఆ చివర, టాంజానియా సరిహద్దుకి వేశారు. బస్సులోంచి ఒకసారి ఫోను చేశాడు.

"అక్కడ మన సేనా భాష తెలిసినవాడు ఒక్కడూ ఉండడట. భార్యాపిల్లల్ని ఇక్కడే ఉంచాను."

"నా మీద కోపంగా ఉందా?"

"నువ్వు చెప్పకపోతే నేను చెప్పేవాణ్ణి కాదు. దాని మీదే నాకు కోపం." ఇంకేదో అనబోయాడు, గుట్టలు అడ్డొచ్చి మాట తెగిపోయింది. తర్వాత ఆ నంబరు పలకలేదు.

ఆ వారంలోనే లెఫానీ అన్నదమ్ములు కోడిని పట్టుకుని చేపల పాకకి వెళ్ళారు, తప్పయిందని డోరికాని ఇంటికి తీసుకెళ్ళారు. ఫైనేసీకి ప్రాణం లేచొచ్చినట్టయింది. డోరికా వస్తుందని రెండు రోజులు ఎదురు చూసింది. మూడో రోజు పొయ్యి వెలిగించి వాలుగ చేప పులుసు పెట్టింది, ఇద్దరికి సరిపడా.

మధ్యాహ్నం డోరికా వచ్చింది. కూర్చోలేదు.

"ఆ పుస్తకం చదువు. నాకు చదువు రాదు."

ఫైనేసీ తెరిచింది. "లెఫానీ. వయసు ముప్పై ఎనిమిది. కలరా. పడవలో మరణం. ఫిబ్రవరి ఆరు."

"ఇంకోసారి."

మళ్ళీ చదివింది. డోరికా పెదాలు కదుపుతూ విన్నది.

"ఇది నువ్వు రాసిందెప్పుడు?"

"మార్చి ఒకటిన."

డోరికా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. రెండు చేతులూ చాలక మళ్ళీ మొదటి చేతికి వచ్చింది.

"ఇరవైమూడు రోజులు" అంది. గొంతు పెంచలేదు. "ఆయన్ని నేను చంపలేదని ఈ ఒడ్డున ఇద్దరికే తెలుసు. ఒకదాన్ని నేను. రెండోదానివి నువ్వు. నువ్వు రోజూ ఆ పాక ముందునుంచే నడిచావు."

పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది.

"భోంచేసి వెళ్ళు, డోరికా."

"వద్దు మేడం" అంది డోరికా, గుమ్మం దిగి నీళ్ళబిందె చంకనెత్తుకుంటూ. రేవులో ఆడవాళ్ళు పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చారు.