నాన్నకు బాగున్న పూట

ఎవరైనా ఇంటికొస్తే మా నాన్నకు జబ్బు తగ్గిపోతుంది. పక్షవాతంతో కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. అయినా కాలింగ్ బెల్ మోగితే చాలు, తనను లేపి కుర్చీలో కూర్చోబెట్టమంటాడు. పరాయివాళ్ల ముందు పడుకోవడం ఆయనకు నామోషీ. ఎలా ఉందని డాక్టరు అడిగినా "దివ్యంగా ఉంది" అంటాడు. ఇన్నాళ్లూ నవ్వుకునేదాన్ని. ఆ రోజు మాత్రం అది తలుచుకుంటేనే భయమేసింది. మేముంటున్న ఈ పరాయి దేశపు వలసల ఆఫీసు నుంచి అధికారి వస్తున్నాడు.

బాబాయి నాన్నకు సొంత తమ్ముడు. నోరు విప్పితే ఆపడు గనక ఇంట్లో ఆయన పేరు రేడియో. నేను హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తాను. నేను ఇస్త్రీ మిషను దగ్గర నిలబడి ఉన్న సమయంలోనే నాన్న వంటగదిలో పడిపోయాడు. ఆ తర్వాత ఆ ఆఫీసువాళ్ల కాళ్లావేళ్లా పడి బాబాయిని మన దేశం నుంచి రప్పించుకున్నాను. ఆయన వచ్చాకే నేను మళ్లీ పనికి వెళ్లగలిగాను. కాని వాళ్లిచ్చిన అనుమతిలో ఒక మెలిక ఉంది. నాన్నకు మనిషి సాయం కావలసినంత కాలమే బాబాయి ఇక్కడుండాలి. అక్కర్లేదని తేలితే సర్దుకోవలసిందే. అప్పుడు నేను ఉద్యోగమైనా మానాలి, నాన్నను లోపల పెట్టి తాళమైనా వేసుకోవాలి.

"నాన్నా, ఇవాళ ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీకు పుణ్యముంటుంది," అని పొద్దున్నే బతిమాలాను.

"నేనెప్పుడు అబద్ధం చెప్పానే?" అన్నాడు, తమ్ముడి చేత ఇస్త్రీ చొక్కా తొడిగించుకుంటూ.

"ఆ చొక్కా ఎందుకు బాబాయ్? పాతది వెయ్యి."

"అన్నయ్య వింటేగా అమ్మా," అన్నాడు బాబాయి. రేడియో గొంతు కూడా ఆ పూట తగ్గింది.

అధికారి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. అరిచే మనిషైతే ఇంత భయపడేదాన్ని కాదు. ఇంట్లోవాళ్లు అనువాదం చేయకూడదట. ఫోనును స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. అందులోంచి ఒకావిడ చక్కటి తెలుగులో "నమస్కారమండీ" అంది. నాన్న ఏం వాగినా నేను మార్చి చెప్పొచ్చన్న ధైర్యం ఒకటి లోపల దాచుకున్నాను. అది కాస్తా నీరుగారిపోయింది.

"రోజూ మీకు ఎవరు సాయం చేస్తారండీ?" అని ఫోనులోంచి అడిగింది ఆవిడ.

"సాయమా? వీణ్ణి నేనే చూసుకుంటున్నా. అమ్మ పోయినప్పట్నుంచీ పెంచింది నేనే," అన్నాడు నాన్న.

ఆవిడ పొల్లుపోకుండా చెప్పేసింది. లేచి నిలబడగలరా అని అధికారి అడిగించాడు. నాన్న ఎడం చేత్తో బల్ల అంచు పట్టుకుని, పళ్లు బిగబట్టి లేచాడు. పైగా నవ్వాడు. ఇంకోరోజైతే చప్పట్లు కొట్టేదాన్ని. అధికారి ఏదో టైప్ చేసుకున్నాడు. వెళ్లి పట్టుకుంటే అన్నకు కోపం, పట్టుకోకపోతే తనకు ప్రయాణం. బాబాయి ఎటూ తేల్చుకోలేక గోడకు అతుక్కుపోయాడు.

ఫోనులో ఆవిడ కాస్త తటపటాయించింది. "ఇలా ఉంటే మీ తమ్ముడుగారి అవసరం లేదేమో అంటున్నారండీ. ఆయన తిరిగి వెళ్లాల్సి రావచ్చట."

ఈ సంగతి వారం నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను. కూతురి మాట గనక చెవికెక్కలేదు. పరాయి గొంతు చెప్పేసరికి నాన్న కుర్చీలో కూలబడ్డాడు. తమ్ముడి ముఖంలోకి చూశాడు.

"నేను అబద్ధం చెప్పాను," అన్నాడు.

"భయపడి ఇప్పుడు మాట మారుస్తున్నారేమో అంటున్నారండీ," అంది ఆవిడ.

అంతా అయిపోయిందనుకున్నాను.

"ఒరేయ్, బాత్రూముకు తీసుకెళ్లు," అన్నాడు నాన్న.

బాబాయి చంకల కింద చేతులేసి లేపాడు. కుడి కాలు నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లింది. బాత్రూము ఎదురుగానే. బాబాయి రాకముందు ఆ పని నేనే చేసేదాన్ని. అప్పుడు నాన్న కళ్లు గట్టిగా మూసుకునేవాడు, నేను చూడటం తనకు కనబడకుండా. బాబాయి అలవాటుగా తలుపు మూయబోయాడు.

"ఉండనీ. చూడనీ ఆయన్ని," అన్నాడు నాన్న.

అధికారి అటు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నేను గోడవైపు తిరిగాను.

"ఏం జరుగుతోందండీ అక్కడ?" అంది ఫోనులో ఆవిడ. "నాకేమీ వినబడటం లేదు. ఎవరైనా చెప్పండి."

ఫోను మీదికి వంగి నెమ్మదిగా అన్నాను. "మా బాబాయి... మా నాన్న పంట్లాం విప్పుతున్నాడండీ. నాన్న చేసుకోలేడు. కడిగేదీ బాబాయే..."

"గట్టిగా చెప్పమ్మా," అన్నాడు నాన్న లోపల్నించి. "ఆవిడకు వినబడాలి."