వాకిట దీపం ఎవరి పాట

2012 మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, అమెరికాలోని పిస్కాటవేలో ఒక హాల్లో లొరెట్టా రిటైర్‌మెంట్ పార్టీ జరిగింది. లొరెట్టా న్యూఆర్క్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి ఆవిడ. మందుల కంపెనీ ల్యాబ్‌లో లూసీ బల్లకి ఎదురు బల్ల ఆమెది. పదకొండేళ్లు ఎదురెదురుగా కూర్చుని పనిచేసిన స్నేహం. అందుకే లూసీ ఉదయమే లేచి పులిహోర కలిపి పెద్ద ట్రే నిండా పట్టుకొచ్చింది.

కేకు కోయడం అయ్యాక లొరెట్టా తమ్ముడు స్పీకర్లలో ఒక పాట పెట్టాడు. ముందు గిటార్ నాలుగు దెబ్బలు, దాని వెనక ఆర్గన్. ఆ నాలుగు దెబ్బలకే హాల్లోని పెద్దవాళ్లంతా కుర్చీలు వెనక్కి నెట్టి లేచారు. జంటలు జంటలుగా ఒకరినొకరు నడుం పట్టుకుని ఊగడం మొదలుపెట్టారు.

లూసీ ప్లేటు పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది.

ఆ రాగం ఆమెకు తెలుసు. బుద్ధెరిగిన నాటినుంచీ తెలుసు. నర్సాపురం దగ్గర వాళ్ల మిషన్ కాంపౌండ్‌లో ఎవరు పోయినా, పెట్టె ఎత్తేముందు పాడే పాట అది. "వాకిట దీపం ఆర్పకు నాథా, వస్తున్నా నే తెల్లవారకముందే." రాసిందీ రాగం కట్టిందీ ఆమె తండ్రి, మిషన్ స్కూలు తెలుగు మాస్టారు జ్ఞానప్రకాశం గారు. ఆ పాట పాడుతూనే ఆయన్ని మట్టిలో పెట్టి ఇరవై ఒక్కేళ్లయింది.

స్పీకర్లలో మగగొంతు పాడుతోంది. వరండాలో లైటు ఆర్పకు బేబీ, తెల్లారేలోగా వచ్చేస్తా అంటోంది. ప్రతి మలుపూ అదే. మూడో చరణంలో గొంతు పైకెక్కి విరిగే చోటు కూడా అదే. అక్కడికొచ్చేసరికి హాలంతా గొంతు కలిపింది. లొరెట్టా మొగుడు ఆమెను గిర్రున తిప్పి ముద్దుపెట్టుకున్నాడు. అందరూ నవ్వారు.

లూసీ ప్లేటు ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు. ఎవరికీ చెప్పకుండా కార్లో కూర్చుంది.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. సామ్యూల్ వాళ్ల తెలుగు చర్చిలో పాటల బృందానికి, అంటే క్వయర్‌కి, లీడర్. చర్చి పెట్టి పదేళ్లయిన సందర్భంగా పాటల సీడీ తెస్తున్నారు. మొదటి పాట అదే. అట్ట మీద "రచన, స్వరకల్పన: జ్ఞానప్రకాశం మాస్టారు" అని వేయాలని సామ్యూలే పట్టుబట్టాడు.

"ఏదో పోలిక అయ్యుంటుందిలే," అన్నాడతను.

కూతురు అబిగేల్ ఫోన్లో వెతికి ఆ పాట వినిపించింది. ఆర్గన్ మొదలవగానే సామ్యూల్ సోఫాలో ముందుకు జరిగాడు. చరణం అయ్యేసరికి అతని మొహంలో రంగు లేదు.

"నైన్టీన్ సిక్స్టీ సిక్స్‌లో వచ్చింది మమ్మీ," అంది అబిగేల్. "నంబర్ వన్ అయిందంట. సింగర్ పేరు హాకెట్. చాలామంది కవర్ చేసి మళ్లీ పాడారు. ఇప్పటికీ వెడ్డింగ్స్‌లో ప్లే చేస్తారంట. తాతయ్య ఎప్పుడు రాశారు?"

"అరవై తొమ్మిదిలో," అంది లూసీ.

అబిగేల్ పాట ఆపేసింది.

పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాసిన పిల్లల్ని సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టిన మనిషి ఆయన. నలభై రోజుల ఉపవాసంలో దేవుడిచ్చిన పాట అని అమ్మ అందరికీ చెప్పుకునేది. నాన్న అన్నాడా ఆ మాట? లూసీ ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. అమ్మ అలా చెప్పిన ప్రతిసారీ ఆయన ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోవడం మాత్రం గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ అది వినయమనుకుంది.

"సీడీ అట్ట ప్రింటింగ్‌కి వెళ్లిపోయింది లూసీ," అన్నాడు సామ్యూల్ మెల్లగా. "మనవాళ్లలో ఎవరికి తెలుస్తుంది చెప్పు."

"నాకు తెలిసింది కదండీ."

మర్నాడు ఆదివారం. అమెరికన్ చర్చివాళ్ల ఆరాధన అయ్యాక మధ్యాహ్నం అదే భవనంలో తెలుగువాళ్లు కూడుకుంటారు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళ వచ్చేసరికి లూసీ లేచింది. ప్రైజ్ ద లార్డ్ అని మొదలుపెట్టి, పార్టీలో విన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పింది. "మా నాన్నగారు ఈ రాగం కట్టలేదు. వేరేవాళ్ల పాట తీసుకున్నారు. పైగా అది ప్రేమ పాట. మీ అమ్మానాన్నల పెట్టె దగ్గర పాడినవాళ్లంతా నన్ను క్షమించండి."

అప్పుడు రెండో వరసలోంచి ధనమ్మ లేచింది. ఎడిసన్‌లో కొడుకు దగ్గర ఉంటున్న ఆవిడ. అరవై ఏళ్లు. మాస్టారి దగ్గర చదువుకున్న హాస్టల్ పిల్ల.

"కూర్చో అమ్మాయ్," అంది. "ఆ సంగతి మాకు తెలుసు."

లూసీ కూర్చోలేదు. ముందు బెంచీ పట్టుకుంది.

"నేను హాస్టల్లో ఉండగా ఆస్పత్రికి అమెరికా నుంచి ఒక నర్సమ్మ వచ్చింది," అని చెప్పుకొచ్చింది ధనమ్మ. "పాతికేళ్లు కూడా ఉండవు. గ్రామఫోను ప్లేట్లు తెచ్చుకుంది. సాయంత్రం ఆవిడ కిటికీ కింద చేరి వినేవాళ్లం. మాటలు ఒక్క ముక్క తెలిసేది కాదు గానీ ఏడుపొచ్చేసేది. ఒకరోజు మా వార్డెన్ దొరసాని చూసి, లోకపు పాటలని ఈ పాట ఉన్న ప్లేటు విరగ్గొట్టేసింది. నర్సమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మేమూ అంతే. అప్పుడు మీ నాన్నగారు ఆవిడనే అడిగి మాటల అర్థం తెలుసుకుని, ప్రభువు మీదకి తిప్పి రాశారు. ఆ వచ్చిన ఆదివారం దొరసాని ఎదురుగానే పాడాం. ఆవిడ కళ్లు తుడుచుకుంది. నర్సమ్మ నవ్వాగక బయటికి వెళ్లిపోయింది."

హాల్లో ఎక్కడో ఒక నవ్వు లేచి అణిగింది.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు ఆంటీ?"

"దొరసాని ఉన్నన్నాళ్లూ భయం. ఆవిడ వెళ్లేసరికి అది చావుల దగ్గర పాట అయిపోయింది. పెట్టె పక్కన నిలబడి ఇలాంటి కబుర్లు చెప్పుకుంటామా?"

ఆ సాయంత్రమే సామ్యూల్ అట్ట ఆపించాడు. "రచన అని మామయ్యగారి పేరు ఉంచుదాం. రాగం దగ్గర ఆ హాకెట్ పేరు వేద్దాం. సరిగ్గా ఎలా రాయాలో కనుక్కో," అన్నాడు.

బుధవారం లూసీ లొరెట్టా ఇంటికి వెళ్లింది. చెప్పకుండా వెళ్లిపోయినందుకు ముందు క్షమాపణ అడిగి, తర్వాత జరిగిందంతా చెప్పింది. లొరెట్టా స్టవ్ మీద చికెన్ కదుపుతూ వింది.

"అతని పేరు వేస్తామంటే సంతోషమే," అంది చివరికి. "కానీ రాగం అతనిది కాదు."

"మరెవరిది?" అడిగింది లూసీ.

"హాకెట్ మా చర్చి వాడే. క్వయర్‌లో నా వెనక వరసలో నిలబడేవాడు. వాళ్ల నాయనమ్మ ఒక పాట పాడేది, చావుల దగ్గర మాత్రమే. ప్రభువా, వరండాలో దీపం ఆర్పకు అని. ఆవిడకి వాళ్లమ్మ నేర్పింది. అంతకుముందు ఎవరిదో ఎవరికీ తెలియదు. ఇతను ప్రభువా అన్నచోట బేబీ అన్నాడు. అంతే, దేశమంతా మోగిపోయింది. ఒక ఆదివారం పాస్టర్ అతని పేరు అందరి ముందూ చదివి క్వయర్ నుంచి కొట్టేశాడు. నాకప్పుడు పదిహేడు. నేను నోరెత్తలేదు."

లూసీకి అప్పుడు అర్థమైంది. ఇవేవీ తెలియని తన తండ్రి, ఎక్కడో గోదావరి ఒడ్డున కూర్చుని బేబీ అన్నచోట మళ్లీ ప్రభువును పెట్టాడు. చావుల దగ్గరి పాట చావుల దగ్గరికే చేరింది. ఎవరో చెప్తే తను నమ్మేది కాదు.

"మీ ఊళ్లో నిజంగా చావులకి పాడతారా?" అడిగింది లొరెట్టా.

"పాడతాం. మా నాన్నకీ పాడాం."

లొరెట్టా గరిట పక్కన పెట్టేసింది. "ఎనభై తొమ్మిదిలో హాకెట్ పోయాడు. మా చర్చి తలుపు తీయలేదు. శవాన్ని ఫ్యూనరల్ హోమ్‌లో పెట్టారు. నేను వెళ్లాను. చర్చివాళ్లకి అది చెడిపోయిన పాట, మిగతావాళ్లకి డాన్స్ పాట. అతని దగ్గర ఎవరూ పాడలేదు, లూసీ. నేనూ పాడలేదు."

ఆమె కుర్చీలో కూలబడి చేతుల్లో మొహం దాచుకుంది. పదకొండేళ్లలో ఆమె ఏడవడం లూసీ చూడలేదు. తన మెడలోని చున్నీ తీసి, ప్రార్థనకి వేసుకున్నట్టు తల మీద వేసుకుంది.

"ఆయన పూర్తి పేరేమిటో చెప్పు. ఇప్పుడు మనం పాడదాం," అంది.

"లీరాయ్ జేమ్స్ హాకెట్," అంది లొరెట్టా, చెయ్యి చాచి స్టవ్ ఆపేస్తూ.