అరవై ఒకటో మనిషి

నాలుగేళ్లుగా ఆమె పని మనుషులను నడిపించడమే. ముఖం చూడకుండా, నడకను బట్టే మనిషిని పోల్చుకోవడం కంప్యూటరుకు నేర్పాలి. అదీ ఆమె పరిశోధన. ల్యాబ్ ముందు వసారాలో కెమెరా బిగించి, కాపలాదారు నుంచి లెక్కల మేష్టారి దాకా కనబడ్డవాళ్లనల్లా బతిమాలి అటూ ఇటూ నడిపించేది. అందరూ ఆమెను నడకల పిల్ల అనేవారు. మోకాలి నొప్పితో కుంటే తండ్రిని కూడా వదల్లేదు, పద్నాలుగుసార్లు నడిపించింది. నా నడక ఎప్పుడు అచ్చవుతుందమ్మా అని మాత్రం అడిగేవాడాయన. ఈ నడకల మీద రాసే పరిశోధన పత్రం ఆమె పేరుతో అచ్చయితేనే డాక్టరేటు.

తండ్రికి మోకాలి ఆపరేషను జరిగిన నెల ఆమె ఆసుపత్రిలోనే ఉండిపోయింది. పని ఆగకూడదని పక్క కుర్చీ సీనియరుకు పాస్‌వర్డు తనే ఇచ్చింది. ఒకే డబ్బాలో అన్నం తిన్న మనిషి, నోరారా అక్కా అని పిలుచుకున్న మనిషి. "నువ్వు నాన్నగారిని చూసుకో. ఇక్కడ నేనున్నాగా" అందావిడ. అక్షరాలా ఉంది.

ఈ ఉదయం పత్రిక కొత్త సంచిక తెరిస్తే తన వసారా, తన బొమ్మలు, తన పట్టికలు. పైన సీనియరు పేరు, దాని కింద గైడు పేరు. గైడు పేరు ల్యాబ్ నుంచి వెళ్లే ప్రతి పత్రంలోనూ ఉండేదే, పాపం చదవకుండా ఒప్పుకుని ఉంటాడులే అని సర్దిచెప్పుకుంది. అంతలో ఒక అంకె కంటబడింది. అరవై ఒక్కమంది నడకలు, అని ఉంది.

నడిచింది అరవైమందే. ఆపరేషను తర్వాత తిన్నగా నడుస్తున్న తండ్రిని మురిపెంగా మళ్లీ చిత్రీకరించి, పరధ్యానంలో కొత్త నంబరు వేసింది. ఆ తప్పు ఆమెకు పోయిన వారమే తెలిసింది, ఇంకా ఎవరికీ చెప్పలేదు. తన తప్పుతో సహా ఎత్తుకుపోయిందంటే దొంగ దొరికినట్టేననుకుని గైడు గదికి పరుగెత్తి, ఒక్క బిగిన అంతా చెప్పేసింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అక్క ఉద్యోగం ఈ పత్రం మీదే ఆధారపడి ఉందనీ, నీకింకా వయసుందనీ, మరో పత్రం రాసుకోవచ్చనీ నింపాదిగా నచ్చజెప్పాడు.

"ఆ రెండు నంబర్లూ చెప్పమ్మా. సవరణ పంపిస్తాం."

పంపిస్తామన్న ఆ ఇద్దరిలో తను లేదు. ఆయనకు మొదటినుంచీ తెలుసు. అక్క చేసిన మోసం కంటే ఈ మెత్తని మాట ఆమెను ఎక్కువ కోసింది.

"నూటికి తొంభై ఆరుసార్లు మనిషిని పోల్చుకుంటుందని రాశారుగా సార్. ఆ కంప్యూటరునే అడగండి" అని బయటికొచ్చేసింది. మెట్ల మీద కూర్చుని కరువుదీరా ఏడ్చింది.

ఇంటికెళ్లేసరికి తండ్రి గుమ్మందాకా ఎదురొచ్చాడు. కర్ర లేకుండా, తిన్నగా. ఆమె మొహం చూసి నెమ్మదిగా అడిగాడు.

"అచ్చయిందా అమ్మా?"

"అయింది నాన్నా. నువ్వు రెండుసార్లు ఉన్నావు. నేనే లేను."