గంజి పెట్టిన నిక్కరు

బుచ్చిబాబు మాస్టారు కాళ్లు ఎడంగా పెట్టి నడవడం మొదలై వారమైంది. అమీర్‌పేటలో గోడన్నది కనిపించకుండా కంప్యూటర్ కోర్సుల కాగితాలు అంటించే రోజులవి. ఆయన జావా చెప్పే గది మూడో అంతస్తులో ఉంది. మెట్లెక్కడమే ఓ గండంగా ఉంది పాపం. ఎవరైనా అడిగితే "మోకాలు పట్టేసిందండీ" అనేవాడు. ఉద్యోగాల కోసం దిగిన విద్యార్థులు దాన్ని నమ్మేశారు. వాళ్ల దిగులు వాళ్లది.

అసలు సంగతి వేరు. తొడలు ఒరుసుకుని చర్మం లేచిపోయింది. తొంభై కిలోల మనిషి పది కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చి, రోజూ సాయంత్రం సాధన చేస్తే ఇంకేమవుతుంది? కానీ ఆ మాట పైకి చెప్పడానికి ఆయనకి చచ్చేంత సిగ్గు. మైకు పట్టుకుంటే మూడు గంటలు ఆపకుండా మాట్లాడే మనిషే మరి!

పోనీ మానేద్దామా అంటే వీల్లేదు. ఇంతకుముందు యోగా మొదలుపెట్టి మానేశాడు. ఈత మానేశాడు. గిటారు కొని అటకెక్కించాడు. ఈసారి పరుగు అనగానే భార్య రత్నమాల "సరే లెండి, ఎన్నాళ్లో చూద్దాం" అంది. వెటకారంగా అన్నా బాగుండేది. ఆవిడ మామూలుగా అంది, అదే ఆయనకి గుచ్చుకుంది. మొదలుపెట్టింది ఒక్కటంటే ఒక్కటి చివరిదాకా చేసి ఆవిడకి చూపించాలి. పరుగుకింకా పది రోజులే ఉన్నాయి.

ఆయన గుట్టు పట్టుకున్నవాడు పెంటయ్య. ఇప్పుడా భవనానికి వాచ్‌మన్ కానీ, ఒకప్పుడు ఖైరతాబాద్ నుంచి సనత్‌నగర్ దాకా ఇరవై ఏళ్లు రిక్షా తొక్కాడు.

"మోకాలు నొస్తే కుంటుతరు సార్. మీరు కుంటుతలేరు. తొడలు ఒరుసుకున్నయ్ గదా?"

బుచ్చిబాబు గబగబా చుట్టూ చూశాడు. "నెమ్మదిగా, పెంటయ్యా! నీకెలా తెలిసింది?"

"రిక్షా తొక్కినోనికి తెల్వదా సార్? ఏమేసుకొని ఉరుకుతున్నరు? జర చూపియ్యుండ్రి."

బుచ్చిబాబు సంచిలోంచి నిక్కరు తీసిచ్చాడు. పెంటయ్య దాన్ని వేళ్లతో నలిపి చూసి, బల్లమీద నిలబెట్టాడు. అది నిలబడింది.

"గిదేంది సార్, అట్ట లెక్కున్నది! గంజి పెట్టిన్రా?"

పెట్టారు. రత్నమాలది కాకినాడ. గంజి పెట్టి ఇస్త్రీ చేయని బట్టతో మొగుణ్ణి గడప దాటనిస్తే ఆవిడకి తలవంపు. పెళ్లైన పన్నెండేళ్లలో ఒక్కసారీ అలా జరగనివ్వలేదు. పరుగు బట్టలైతే మాత్రమేం, పదిమందిలోకి వెళ్లేవేగా? బనీనుకి కూడా పెట్టింది మహాతల్లి.

పెంటయ్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత వైద్యం చెప్పాడు.

"రెండు దినాలు ఉరుకుడు బంద్ పెట్టుండ్రి. చల్ల నీళ్లతోని కడిగి మంచిగ ఆరనియ్యుండ్రి. పౌడర్ రాయకుండ్రి, చెమటకు ముద్దయి ఇంకింత గీరుతది. పుండు మానినంక, ఉరికే ముంగట ఆముదం పట్టించుండ్రి. తొడలకే కాదు, చంకలకు సుత. లోపల బిగుతు లాగు ఏసుకుంటే తోలుకు తోలు తగలదు. బట్టలు ఉతికి ఉతికి మెత్తవడ్డయే ఏసుకోవాలె. కొత్తయి అసలే వద్దు."

"మరి గంజి సంగతి ఇంట్లో ఎలా చెప్పను?"

"గా మందు నా దగ్గర లేదు సార్," అన్నాడు పెంటయ్య.

బుచ్చిబాబు చెప్పలేదు. పరుగు బట్టలు ఆఫీసులోనే ఉంచుతున్నానని అబద్ధమాడి, పాత బట్టల్లో సాధన చేశాడు. పుండు మానింది. కానీ పరుగు ఆదివారం పొద్దున, ఇంటినుంచే బయల్దేరాలి. ముందురోజే రత్నమాల, నిర్వాహకులిచ్చిన కొత్త టీషర్టుకి చిక్కగా గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉంచింది.

తెల్లవారుజామున ఐదింటికి వంటింటి మూల ఆముదం సీసాతో బుచ్చిబాబు దొరికిపోయాడు.

"ఏంటండీ ఇది?"

ఇక చెప్పక తప్పలేదు. పుండు, మోకాలి అబద్ధం, పెంటయ్య వైద్యం, నిలబడ్డ నిక్కరు, అన్నీ చెప్పేశాడు.

"అంత మంటతోనూ పరిగెత్తారా? నా గంజితో?"

"నువ్వంత శ్రద్ధగా పెడుతుంటే వద్దనలేకపోయాను."

"మరి మానెయ్యలేదేం?"

"మానేస్తే, మళ్లీ మానేశాడనుకుంటావుగా."

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెంటనే నవ్వూ వచ్చింది. కళ్లొత్తుకుంటూనే వెళ్లి మసిగుడ్డల మూట విప్పి, చిల్లులుపడి రంగు వెలిసిన పాత టీషర్టు ఒకటి లాగింది. దానిమీద ఆయన నంబరు కాగితం తనే పిన్నులతో గుచ్చింది. పిన్ను మొనలు ఒంటికి తగలకుండా లోపల వేలితో తడిమి చూసింది.

"వెళ్లండి. పంజాగుట్టలో పరుగు ముగిసే గీత దగ్గర నేనుంటాను."

ఖైరతాబాద్‌లో జనంతోపాటు కదిలిన బుచ్చిబాబు, సనత్‌నగర్ దాకా వెళ్లి తిరుగుదారిలో అమీర్‌పేట వచ్చేసరికి దాదాపు ఒంటరివాడయ్యాడు. అందరూ దాటిపోయారు. పెంటయ్య తన కుర్చీ ఎక్కి నిలబడి "మస్తు సార్! ఆగకుండ్రి!" అని అరిచాడు. ఆయాసం ఉంది, పిక్కలు లాగుతున్నాయి, కానీ ఒంట్లో ఎక్కడా మంట లేదు. తొడకి తొడ ఒరుసుకోకుండా హాయిగా జారిపోతోంది. ఆ సంతోషం పట్టలేక బుచ్చిబాబు ఒక్కడే పైకి నవ్వుకుంటూ పరిగెత్తాడు.

పంజాగుట్టలో టెంట్లు విప్పుతున్నారు. రత్నమాల గంజి పెట్టిన తెల్ల వెంకటగిరి చీరలో, ఒక్క మడతా చెదరకుండా నిలబడి ఉంది. బుచ్చిబాబు గీత దాటాడు, ఆగకుండా, నడవకుండా. చెమటా ఆముదమూ కారుతున్న ఆ మనిషిని ఆవిడ ఎదురొచ్చి అందరి ముందూ వాటేసుకుంది.

"రత్నా, చీర నలుగుతుంది," అన్నాడాయన రొప్పుతూ.

"నలగనివ్వండి," అంది రత్నమాల.