ఊరికే చెప్పే క్లాసు

నా కొడుకు నా మోకాలు ఎలా ఉందని అడిగిన రోజే నాకు అనుమానం వచ్చింది.

ఉతికిన బట్టలు మంచం మీద పోసుకుని మడతలు పెడుతున్నాను. వాడు షాపు నుంచి వచ్చాడు. రోజూ ఒక చెప్పు తలుపు దగ్గర, ఇంకోటి బల్ల కింద వదిలేవాడు, ఆ రోజు రెండూ ఒకచోట విడిచి, వచ్చి నా పక్కన కూర్చుని, "మోకాలు ఎలా ఉందమ్మా?" అన్నాడు. ఆ నొప్పి మొదలైనప్పుడు వాడికింకా మీసాలు కూడా రాలేదు. ఇన్నేళ్ళు అడగనివాడు ఇవాళ అడిగాడంటే ఆ మోకాలితో ఏదో పని పడిందన్నమాట. "ఉంది, కాలికే ఉంది," అన్నాను. వాడు నవ్వి, ఒక తువ్వాలు తీసుకుని మడతపెట్టబోయి, మూలలు కలవకపోయేసరికి మళ్ళీ కుప్పలో పడేశాడు.

"ఆదివారం మాతో రావాలమ్మా, క్లాసుకి."

క్లాసంటే కడుపుతో ఉన్నవాళ్ళకి చెప్పే క్లాసు. కోడలికి ఆరో నెల. నొప్పులొస్తే ఊపిరి ఎలా తియ్యాలో, ఎప్పుడు బయల్దేరాలో, పుట్టిన బిడ్డని ఎలా ఎత్తుకోవాలో నేర్పుతారట. రెండు చోట్ల ఉంది. ఒకటి పెద్ద రోడ్డు మీద పిల్లల సామాన్ల షాపు పైఅంతస్తులో, డబ్బులు కట్టాలి. రెండోది సర్కారు ఆసుపత్రిలో, ఊరికే. డబ్బులు కట్టే చోట మొదటి ఆదివారం మాత్రం వచ్చి చూసుకోమన్నారు, నచ్చితే చేరొచ్చు. "అక్కడైతే నీక్కూడా వేరే క్లాసుందమ్మా. మా ఇద్దరికీ కడితే నీది ఫ్రీ," అన్నాడు, నాకేదో బహుమతి తెచ్చినట్టు.

ఇద్దరిని కని పెంచాను, కూతురి పిల్లలిద్దరినీ పెంచాను, నాకు క్లాసేమిట్రా అనబోయి ఊరుకున్నాను. అనుమానం వచ్చినప్పుడు నేను నోరు తెరవను, చెవులు తెరుస్తాను. బళ్ళో నేను చదివింది నాలుగో తరగతి. ఈ చదువు మాత్రం అత్తగారింట్లో అబ్బింది.

మా ఆయన ఉన్నప్పుడు చెప్పాపెట్టకుండా పది మందిని భోజనానికి తీసుకొచ్చేవారు. ఎవరైనా మొహమాటపడితే, "ఏం పర్లేదు, అది ఉందిగా," అనేవారు. అది అంటే నేను. ఆయనది కళ్ళజోళ్ళ షాపు, ఇప్పుడు మా వాడు నడిపేది అదే. రాత్రి రిపేర్లు ఇంటికి తెచ్చి నా ముందు పోస్తే, నా చూపు మంచిది కాబట్టి, ఆవగింజంత స్క్రూలు నేనే బిగించేదాన్ని. అద్దాలు తుడుచుకునే గుడ్డలు కత్తిరించి అంచులు కుట్టేదాన్ని. మర్నాడు ఎవరైనా మెచ్చుకుంటే, "నా చెయ్యి అలాంటిది," అనేవారట. ఒక్కసారి, నేనూ వచ్చి కాసేపు కౌంటరు దగ్గర కూర్చుంటానంటే, "ఇంట్లో పని లేదా నీకు?" అన్నారు. తర్వాత కూతురికి బిడ్డ పుట్టింది. ఆఫీసుకి ఎలా వెళ్తావని ఎవరో అడిగితే, "అమ్మ ఉందిగా," అంది. 'అది ఉందిగా' పోయి 'అమ్మ ఉందిగా' వచ్చింది, అంతే తేడా.

ఆ పిల్లలు వాళ్ళ బూట్లు వాళ్ళే వేసుకునేదాకా వచ్చి, కిందటేడు నాకు పొద్దుటి పూటలు దొరికాయి. దొరికిన మొదటి రోజు ఏం చెయ్యాలో తెలియక కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. రెండో రోజు పార్కుకి వెళ్ళాను. అక్కడ సిమెంటు బల్ల దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు పేక ముక్కలు పట్టుకుని నాలుగో చెయ్యి కోసం చూస్తున్నారు. పోస్టాఫీసులో చేసి రిటైరైన ఆవిడొకరు, బట్టలు కుట్టే ఆవిడొకరు, బస్సు కండక్టరు భార్య ఒకరు. అప్పట్నుంచి రోజూ మాకు రమ్మీ ఉంది. ముక్కలు నేను కలిపితే పోస్టావిడ కళ్ళార్పకుండా నా చేతుల్నే చూస్తుంది, మోసం చేస్తానని ఆవిడ నమ్మకం. నిజం చెప్పొద్దూ, నన్ను చూసి ఎవరైనా అంత జాగ్రత్తపడటం నా జన్మలో అదే మొదలు. ఆ పొద్దుటి పూటలు పోతాయేమోనని ఇప్పుడు నా గుండెల్లో రాయి పడింది.

ఆదివారం వెళ్ళాం. పైకి మెట్లు కింది షాపులోంచే ఉన్నాయి. ఉయ్యాలలు, తోపుడు బళ్ళు, పాలసీసాలు, అన్నీ చూస్తూ ఎక్కాలి. పైన చల్లటి గది, మెత్తటి చాపలు, ఒక్కొక్కటీ దూడంత రబ్బరు బంతులు. పాఠం చెప్పే అమ్మాయి గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఆ గొంతుతో ఇల్లు రాసిమ్మన్నా రాసిచ్చేస్తాం. జంటల్ని వరసగా కూర్చోబెట్టి, మగవాళ్ళని పెళ్ళాల వీపు నిమరమంది. మా వాడు నిమిరాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నప్పుడు వాడి వీపు రుద్ది రోజూ నీళ్ళు పోశాను, ఒక్కరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

"బామ్మలందరూ ఇటు రావాలి," అంది ఆ అమ్మాయి. పక్క గది. అక్కడికి చల్లగాలి రాలేదు. ఇంకో పిల్ల మాకు సీసాలు ఎలా మరిగించాలో, బిడ్డకి ఎలా స్నానం చేయించాలో, గుడ్డలు ఎలా వేరుచేసి ఉతకాలో చెప్పింది. "తల్లిదండ్రులకి నిద్ర చాలా ముఖ్యం. అందుకని రాత్రిళ్ళు పాపని మీ పక్కన పడుకోబెట్టుకోండి," అంది. నా పక్కనున్న లావుపాటావిడ నా చెవిలో, "మా అబ్బాయి ఐస్‌క్రీం తినిపిస్తానని తీసుకొచ్చాడండీ," అంది. "మరి ఇదంతా చేస్తానని మీరు ఒప్పుకున్నారా?" అని అడిగాను. "అడిగితే కదా ఒప్పుకోడానికి," అంది.

అప్పుడే గోడ అవతల మెత్తటి గొంతు అడుగుతోంది, డెలివరీ తర్వాత ఇంట్లో చూసుకోడానికి ఎవరున్నారని. ఒక్కో జంటా ఏదో చెబుతోంది. ఇన్ని గొంతుల్లోనూ నా కొడుకు గొంతు నాకు తెలియకుండా పోతుందా?

"అమ్మ ఉందిగా."

వచ్చేటప్పుడు జంటలకి ఫొటో పెట్టుకునే ఫ్రేములిచ్చారు. బామ్మలకి వంటింట్లో కట్టుకునే ఏప్రన్లిచ్చారు, పువ్వులవి. వాడు దాన్ని నా భుజాలకి ఆనించి చూసి, "నీకు సరిగ్గా కొలిచి కుట్టినట్టుందమ్మా," అన్నాడు. నా అనుమానమూ అదే.

వాడు అటునుంచటే షాపుకి వెళ్ళాడు. బస్సులో కోడలు నా పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తోంది తప్ప మాట్లాడలేదు. ఇదంతా ఈ పిల్ల పన్నిందే అనుకున్నాను. మొగుడి నోటితో మాట్లాడిస్తూ తను మౌనంగా ఉండే కోడళ్ళని చాలామందిని చూశాను. నేనూ ప్రయత్నించాను ఒకప్పుడు, మా ఆయన నోరు నా మాట వినలేదు, అది వేరే సంగతి.

మర్నాడు సాయంత్రం ఆ పిల్ల పని నుంచి వచ్చి, మొహం కడుక్కుని, నేను మడతలు పెడుతున్న మంచం మీదే ఒక పక్కన కూలబడింది. తనది ఫోన్ల కంపెనీలో ఉద్యోగం. ఎవరెవరో ఫోన్ చేసి తిడుతుంటే, తను చెయ్యని తప్పులకి రోజంతా క్షమించమని అడగాలి.

"ఇవాళ మా సూపర్‌వైజరు పిలిచాడత్తయ్యా. ఫోన్లో నా ఆయాసం వినిపిస్తోందట. కస్టమర్లకి చిరాగ్గా ఉంటుందట. కొంచెం ఊపిరి మెల్లగా తీసుకోమన్నాడు."

"బాగుంది. ఊపిరి తియ్యడానికి మనం క్లాసువాళ్ళకి కట్టాలి, తియ్యకుండా ఉండటానికి మీ కంపెనీవాళ్ళు మనకిస్తారు," అన్నాను.

నవ్వింది. నవ్వి, ఒక చొక్కా తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, మడత పెట్టకుండా అలాగే పట్టుకుంది. "నాకా ఆదివారం క్లాసు వద్దత్తయ్యా. ఆయనకి నేర్పింది నా వీపు నిమరడం. మిగతాదంతా పక్క గదిలో మీకు నేర్పారు. నొప్పులు ఒక రోజుంటాయి. ఆ తర్వాతో? అర్ధరాత్రి బిడ్డ ఏడిస్తే ఈయన లేచి మీ గది తలుపు కొడతారు. మీరు పాపకి అలవాటవుతారు. ఈయనకి ఎప్పటికీ ఏదీ రాదు. నాకు భయంగా ఉంది."

"మరి నన్ను తీసుకెళ్ళమంది నువ్వు కాదా?"

"మిమ్మల్ని ముందు అడగమన్నాను. పొద్దున్నే మీకు ఆట ఉంటుంది కదా, వీలవుతుందో లేదో అన్నాను. అమ్మని అడిగేదేంటి అన్నారు."

నా పేకాటని మా వాళ్ళలో ఎవరూ ఆట అనలేదు అప్పటిదాకా. కొడుక్కి అది కాలక్షేపం, కూతురికి పరువుతక్కువ. నేను అనవసరంగా ఈ పిల్లని అనుమానించానన్నమాట. అయినా ఒక్కసారిగా కరిగిపోవడం నాకు చేతకాదు. "సరే, ఆ ఊరికే చెప్పేది కూడా చూద్దాం పద," అన్నాను.

అది వారం మధ్యలో, పొద్దున పూట. కోడలు సగం రోజు సెలవు పెట్టింది. వాడు షాపు వదిలి రావడం కుదరదన్నాడు. దారంతా నాకు సందేహమే. ఊరికే చెబుతామని ఎవరైనా పిలుస్తున్నారంటే మన దగ్గర ఏదో తీసుకుంటారు. రక్తం తీసుకుంటారో, వేలిముద్ర వేయించుకుంటారో, డాక్టరీ చదివే పిల్లల్ని మూకుమ్మడిగా తెచ్చి చూపిస్తారో. ఆసుపత్రిలో బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టినా నేను ముట్టుకోలేదు. అక్కడ ఇనప బెంచీలు, కటకటమనే ఫ్యాను, చెయ్యి విరిగితే కట్టు కట్టిన ప్లాస్టిక్ బొమ్మ. చెప్పే నర్సు గొంతు మెత్తగా లేదు, మొహాన నవ్వు లేదు, మధ్యలో రెండుసార్లు గడియారం చూసుకుంది. తల్లులు, అత్తలు, అక్కలు వచ్చారు. మగపురుగు లేదు.

ఊపిరి సంగతి, నొప్పుల సంగతి చెప్పాక ఆవిడ బొమ్మని తీసుకుని బెంచీల మధ్యకి వచ్చింది. "రాత్రి బిడ్డకి లేచేది ఎవరు? ఎవరు లేస్తారో వాళ్ళే పట్టుకోండి. వాళ్ళకే నేర్పుతాను. రానివాళ్ళకి మీరెళ్ళి చెబుతారు, వాళ్ళు వినరు, నా టైమూ దండగ."

"అత్తగారు," అంది మొదటి పిల్ల. ఆ అత్తగారు పట్టుకుంది. "మా అమ్మ," అంది రెండోది. "అక్క." అలా బొమ్మ చేతులు మారుతూ మా బెంచీకి వచ్చింది. కోడలు నా వైపు చూడలేదు. కావాలనే చూడటం లేదని తెలుస్తూనే ఉంది, మెడ బిగబట్టుకుని ఫ్యాను వైపు చూస్తోంది. అప్పుడు కిందకి చూసుకుంటే నా చేతులు రెండూ అప్పటికే చాపి ఉన్నాయి. నేను చాపలేదు. వాటంతటవే వెళ్ళాయి. ఎవరు ఏం అందించినా పట్టుకోవడం వాటికలవాటు. ఇన్నేళ్ళూ నా కొడుకుని, కూతుర్ని, పోయిన మనిషినీ అనుమానించాను గానీ నా చేతుల్ని ఎప్పుడూ అనుమానించలేదు.

వాటిని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.

"వాడున్నాడుగా," అన్నాను.

"ఎవరు?"

"నా కొడుకు. దీని మొగుడు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సు నవ్వలేదు. "ఏడీ?" అంది.

"వచ్చే వారం నుంచి వస్తాడు."

"వస్తే అప్పుడే పట్టుకుంటాడు," అని బొమ్మని తీసుకుని పక్క బెంచీకి వెళ్ళిపోయింది. కోడలు ఫ్యాను వైపు చూస్తూనే నా చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం వాడు భోజనం చేస్తుంటే చెప్పాను. ఆదివారం క్లాసు వద్దు, ఆసుపత్రి క్లాసుకి వారం వారం నువ్వూ నీ పెళ్ళామూ వెళ్ళండి అని.

"పొద్దున పూట ఎలా కుదురుతుందమ్మా? షాపు ఎవరు చూస్తారు?"

"అమ్మ ఉందిగా," అన్నాను.

వాడు తినడం ఆపి నన్ను చూశాడు, హాస్యమాడుతున్నానేమో అని. "నీకు షాపు పనేం తెలుసమ్మా?"

"మీ నాన్న చెయ్యి అలాంటిదని ఊరంతా అనుకుందే, ఆ చెయ్యి ఇదే. ఆ రోజుకి నాకు కూలి ఇవ్వాలి, బయటివాడికి ఎంతిస్తావో అంతా. ఇంకో మాట విను. బిడ్డ పుట్టాక సాయంత్రాలు నేను చూస్తాను, ముద్దు చేస్తాను. పొద్దున్న నాకు పార్కులో ఆట ఉంది. రాత్రి నా తలుపు గడియ వేసి ఉంటుంది."

"అదేంటమ్మా, పరాయిదానిలా మాట్లాడుతున్నావు."

"పరాయిదాన్నైతే ముందే అడిగేవాడివి," అన్నాను. కోడలు లేచి వాడి కంచంలో ఇంకాస్త వడ్డించబోయి, ఆగి, గిన్నె వాడి వైపు జరిపింది.

వాడు రెండ్రోజులు చెప్పులు మళ్ళీ ఒకటి తలుపు దగ్గర, ఒకటి బల్ల కింద విడిచాడు. మూడో రోజు షాపు తాళాలిచ్చాడు. మారిపోయాడని నేననుకోలేదు, ఇప్పటికీ అనుకోవడం లేదు. కనిపెట్టి చూస్తూనే ఉన్నాను.

మరుసటి వారం క్లాసు రోజున షాపు తీసి, మా ఆయన కుర్చీని కొంచెం జరిపి కూర్చున్నాను. పేకాట వాళ్ళు ముగ్గురూ వచ్చి చూసి వెళ్ళారు. పోస్టావిడ ఒక జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని, ఇక నా మోసం ఇంకా బాగా కనబడుతుందంది. తర్వాత ఒక పెద్దమనిషి, కాడ ఊడిన జోడు పట్టుకుని వచ్చాడు.

"ఓనరు లేడా అమ్మా?"

"క్లాసుకెళ్ళాడు. బిడ్డని పెంచడం నేర్చుకోడానికి. ఇవ్వండి, నేను చేస్తాను."

ఆయన అయిష్టంగానే ఇచ్చి, నా చేతులకేసి చూస్తూ నిలబడ్డాడు. "ఇలాంటివాటికి బాగా గుంజుతారే. ఎంత కట్టాడేంటి?"

"ఊరికే చెబుతున్నారు."

"ఊరికేనా?" అని తల అడ్డంగా ఊపాడు. "నమ్మకండమ్మా. ఊరికే ఎవరు చేస్తారు ఈ రోజుల్లో? లోపల ఏదో ఉంటుంది."

స్క్రూ బిగించి, కాడ రెండుసార్లు తెరిచి మూసి చూసి, గుడ్డతో తుడిచి ఆయన చేతికిచ్చాను. "నలభై ఏళ్ళు మా ఇంట్లో నేను ఊరికే చేశాను బాబూ," అన్నాను. "లోపల ఏముందోనని ఒక్కరికీ అనుమానం రాలేదు."